గ్యాస్ కాదు

"గ్యాసేనమ్మా. గుంటూరు కారం తిన్నాక ఆ మాత్రం మంట ఉండదా?"

రాత్రి పదకొండున్నరకి మా వీధి చివరి ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు అన్న మాట అది. పొట్ట మీద చెయ్యి పెట్టి చూడలేదు. ఒక ఇంజెక్షన్ చేయించి, రెండు మాత్రలు రాసి పంపేశారు. ఏడాది దాటింది, తింటున్నాను, నిద్ర పడుతోంది. అయినా ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

డిగ్రీ పిల్లలకి జంతుశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి, ఆ రాత్రి నా క్లోమం (పాంక్రియాస్, జీర్ణాశయం వెనక ఉండి అరుగుదల రసాలు పోసే గ్రంథి) ఎలా వాచిందో విడమరచి రాస్తాను. ఇంకొకరికి ఇదే నొప్పి వస్తే గ్యాసని ఇంట్లో కూర్చోకూడదని.

ఆ సాయంత్రం గృహప్రవేశం విందులో తిన్నవి నేతి బొబ్బట్లు రెండు, గారెలు, ముద్దపప్పులో గరిటెడు నెయ్యి. గొంతు దిగిన కారం నన్నేమీ చెయ్యలేదు, చేసింది కొవ్వు. కొవ్వూ మాంసకృత్తులూ సగం అరిగి జీర్ణాశయం నుంచి ఆంత్రమూలంలోకి, అంటే చిన్నపేగు మొదటి భాగంలోకి దిగగానే, అక్కడి గోడలోని కణాలు కోలిసిస్టోకైనిన్ అనే హార్మోనుని రక్తంలోకి వదులుతాయి. అది పిత్తాశయాన్ని (గాల్‌బ్లాడర్‌ని) పిండుతుంది, పైత్యరసం దిగే చోట బిగిసి ఉన్న కండరాన్ని సడలిస్తుంది, క్లోమం చేత ఎంజైములు పోయిస్తుంది, ఇంకాస్త ఆగి పంపమని జీర్ణాశయాన్ని నిదానపరుస్తుంది. 1928లో పిత్తాశయాన్ని ముడిచే హార్మోనని దీనికి ఒక పేరు పెట్టారు. 1943లో క్లోమాన్ని కదిలించే హార్మోనని ఇంకో పేరు. రెండూ ఒకటేనని తర్వాత తేలింది. పిత్తాశయం ముడుచుకున్న సమయానికే క్లోమం కూడా నిండుగా ఊరుతుంది. నా ప్రమాదమంతా ఆ ఒక్క వేళలోనే ఉంది.

నా పిత్తాశయంలో రాళ్ళున్నాయని నాకు తెలియదు. మిరియపు గింజకన్నా చిన్నవి. పెద్ద రాయి చాలావరకు ఉన్నచోటే ఉండిపోతుంది, చిన్నదే నాళంలోకి తేలిగ్గా జారుతుంది. పైత్యనాళం, క్లోమనాళం కలిసి ఆంత్రమూలంలోకి తెరుచుకునే మూతి దగ్గర ఒకటి ఇరుక్కుంది. వెనక రసం ఊరుతూనే ఉంది. క్లోమం తయారుచేసే ట్రిప్సినోజెన్ మామూలుగా నిద్రాణంగా ఉండి, పేగులోకి వచ్చాక అక్కడి ఎంటిరోకైనేజ్ అనే ఎంజైము తగిలితేనే, మాంసకృత్తుల్ని అరిగించే ట్రిప్సిన్‌గా మారాలి. దారి మూసుకుపోతే అది క్లోమంలోనే మేలుకుంటుంది. అన్నాన్ని అరిగించాల్సింది అవయవాన్నే అరిగించడం మొదలుపెడుతుంది.

రెండు గంటలకి నొప్పి పైకడుపులోంచి నేరుగా వీపులోకి దూసుకుపోయింది. వెల్లకిలా పడుకుంటే ప్రాణం పోతున్నట్టుంది. దిండు పొట్టకి అదుముకుని ముందుకి వంగి కూర్చుంటే ఒక్క రవ్వ తగ్గేది. నాలుగుసార్లు వాంతి అయింది, ఒక్కసారికీ తేలిక లేదు. తేన్పు రాదు, మంట లేదు, గంటలు గడిచినా సడలదు. మావారు సోడా తెస్తానంటే, "సోడా వద్దండీ, బెజవాడ తీసుకెళ్ళండి" అన్నాను. వారధి దాటుతుంటే ఇంద్రకీలాద్రి మీద దీపాలు కనిపించాయి. అమ్మా, తెల్లారేదాకా ఉంచు తల్లీ అనుకున్నాను.

సూర్యారావుపేటలో రక్తం తీసిన గంటలో, కొవ్వుని అరిగించే క్లోమపు ఎంజైము లైపేజ్ మామూలు పరిమితికి పది రెట్లు పైన వచ్చింది. మూడు రెట్లు దాటి ఇలాంటి నొప్పి ఉంటే చాలు, క్లోమం వాచిందని నిర్ధారిస్తారు. సెలైన్లు, స్కానులు, ఆరు వారాల తర్వాత పిత్తాశయం తీసేయడం, ఇవన్నీ ఈ జబ్బులో మామూలుగా జరిగేవే. ఆ రెండో రాత్రి, ప్రతి గంటకీ మూత్రం కొలిచి రాసుకుంటూ, "అమ్మా, ఈ గంట బావుంది, ఇంకొక్క గంట ఓర్చుకోండి" అన్న సిస్టరు చేతులు మాత్రం నేను మరిచిపోను. క్లోమానికి విశ్రాంతి అని పూర్వం రోజుల తరబడి కడుపు మాడ్చేవారట. నాకు నొప్పి తగ్గి ఆకలి వేయగానే పల్చటి జావ, తర్వాత వెన్న తీసిన మజ్జిగన్నం పెట్టారు. పేగు ఖాళీగా ఉంటే దాని గోడ బలహీనపడుతుంది.

ఇంటికొచ్చాక ఇంకో చిక్కు. క్లోమంలో కొంత భాగం చచ్చిపోయింది. నెలలో తొమ్మిది కిలోలు తగ్గాను. విరేచనం నూనె తేలుతూ, ఎన్ని నీళ్ళు పోసినా పోయేది కాదు. బలం రావాలని అత్తయ్య ప్రేమతో నెయ్యి కలిపేవారు, అది అలాగే బయటికి పోయేది. ఎంజైము కాప్సూల్స్ రాశారు. మందుల షాపులో పెట్టె మీద అలవాటుగా "తిన్న తర్వాత" అని రాసిచ్చారు. నాలుగు వారాలు అలాగే మింగాను, గుణం లేదు.

అన్నం ముందే దిగిపోయాక ఎంజైము వెనక వెళితే దేన్ని కలుస్తుంది? ఇప్పుడు నా పద్ధతి ఇది: మొదటి ముద్దతో 25,000 యూనిట్లది ఒకటి, సగంలో ఇంకొకటి. పాలు, బిస్కెట్ల వంటివాటికి ఒకటే. నలిపితే, నమిలితే లోపలి గుళికల మీది పొర చెడి ఆమ్లంలో ఎంజైము నశిస్తుంది. వేడి కాఫీతో మింగినా అంతే. (మోతాదు నాది, మీది మీ డాక్టరే చెప్పాలి.)

ఆ పొర ఆంత్రమూలంలో ఆమ్లత తగ్గాకే కరుగుతుంది. అక్కడ ఆమ్లం పడగానే సెక్రిటిన్ విడుదలై, క్లోమం చేత బైకార్బొనేటు నీరు పోయించి దాన్ని తటస్థం చేస్తుంది. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ కనిపెట్టింది ఈ సెక్రిటిన్‌నే. హార్మోనన్న మాటే 1905లో స్టార్లింగ్ వాడాక వచ్చింది. నా క్లోమం ఆ నీరు సరిపడా పోయలేదు, కాబట్టి పొర ఆలస్యంగా విడుతుంది. అందుకే ఆమ్లం తగ్గించే మాత్ర కూడా కలిపారు. ఆ రాత్రి గ్యాస్‌కని ఇస్తే పనికిరాని మాత్రే ఇప్పుడు సరైన చోట పనికొస్తోంది. ఇప్పుడు దాన్ని రాసిన డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి, అరగంట కూర్చుని చెప్పారు. ఆయనకి వందసార్లు దణ్ణం పెట్టాను.

షుగరు కూడా వచ్చింది. ఇది అందరికీ వచ్చే షుగరు లాంటిది కాదు. ఇన్సులిన్ కణాలతోపాటు గ్లూకగాన్ కణాలూ పోతాయి, కాబట్టి షుగరు పడిపోతే పైకి లాగే తోడు ఉండదు. తెల్లవారుజామున చెమట పడితే ముందు చక్కెర నీళ్ళు, తర్వాతే పరీక్ష. కొవ్వు సరిగా అరిగితేనే చిన్నపేగు చివరి కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోనుని బాగా వదులుతాయి, అది ఉన్న ఇన్సులిన్‌ని వేళకి బయటికి రప్పిస్తుంది. కాప్సూల్స్ వేళకి వేసుకోవడం మొదలెట్టాక నా భోజనం తర్వాతి రీడింగు కూడా కాస్త కుదురుకుంది.

ఒక్క హెచ్చరిక. మన రోహిణీ కార్తె ఎండలకి ఈ కాప్సూల్స్ పాడైపోతాయి, 25 డిగ్రీలు దాటకూడదు. కారులో, వంటింటి అటక మీద వదలొద్దు. మొన్న మొక్కు తీర్చుకోవడానికి కొండకి వెళ్ళినప్పుడు రెండు కాప్సూల్స్ చిన్న డబ్బాలో పెట్టి తడిగుడ్డ చుట్టి తీసుకెళ్ళాను. దర్శనమయ్యాక పులిహోర చేతిలో పెట్టారు. మొదటి ముద్దతో ఒకటి వేసుకుని, మెట్ల మీద కూర్చుని మెల్లగా తిన్నాను.