కొత్త సర్ఫ్‌బోర్డుకు బ్లాంక్ వచ్చింది: ఎంపిక, కొలతలు, లెక్కలు

సర్ఫ్‌బోర్డు చెక్కడానికి వాడే ముడి ఫోమ్ ముక్క, అంటే బ్లాంక్, చేతికొచ్చింది. ఔట్‌లైన్ గీశాను, చిత్రిక ఇంకా పట్టలేదు. ఈసారి ఎక్కువ సమయం ఫోమ్ ఎంచుకోవడానికే పెట్టాను. బ్లాంక్‌ను పొడవు చూసి కాదు, వంపూ మందమూ చూసి కొనాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆ లెక్కలు ఇవి.

చేయబోయే బోర్డు 6 అడుగుల 4 అంగుళాలు. వెడల్పు 21, మందం 2.75 అంగుళాలు. ముక్కూ తోకా రెండూ గుండ్రం. రాకర్, అంటే కొసలు పైకి లేచే వంపు, ముక్కు దగ్గర 4.5, తోక దగ్గర 2.25 అంగుళాలు ఉండాలి. ఘనపరిమాణం సుమారు 40 లీటర్లు.

ముందు తేల్చుకోవాల్సింది ఫోమ్ పాలీయురేథేనా, ఈపీఎస్సా అన్నది. ఈపీఎస్ అంటే మనం థర్మాకోల్ అనే పదార్థమే, కాకపోతే గట్టి రకం. బరువులో తేడా బాగానే ఉంటుంది. నా 40 లీటర్లకు ఘనమీటరుకు 24 కిలోల ఈపీఎస్ అయితే ఫోమ్ బరువు 960 గ్రాములు. 32 కిలోల రకం తీసుకుంటే 1.28 కిలోలు. పాలీయురేథేన్‌ను 45 కిలోల సాంద్రతతో లెక్కేస్తే 1.8 కిలోలు. ఫోమ్ మీద పరిచే ఫైబర్‌గ్లాస్ గుడ్డ, అది అతుక్కుని గట్టిపడేలా పూసే రెజిన్ బరువు వీటికి అదనం.

బరువొక్కటే చూస్తే ఈపీఎస్‌కే ఓటు. కానీ దాని మీద ఎపాక్సీ తప్ప వేరే రెజిన్ వాడలేం. పాలియెస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్ తగిలితే ఈపీఎస్ కరిగిపోతుంది. పూసల సందుల్లో గాలి ఉంటుంది కాబట్టి గది వేడెక్కే వేళ గ్లాసింగ్ (ఆ గుడ్డను రెజిన్‌తో అంటించడం) చేస్తే ఆ గాలి వ్యాకోచించి రెజిన్‌లోంచి బుడగలుగా పైకి వస్తుంది. అందుకే ముందు పలచటి స్పాకిల్‌తో సందులు పూడ్చి, ఉష్ణోగ్రత దిగుతున్న వేళ చూసుకుని పని మొదలుపెట్టాలి. బోర్డుకు పగులు వస్తే నీళ్లు కూడా లోపలికి త్వరగా చేరతాయి. నాకు చేయి తిరిగింది పాలియెస్టర్‌తో. అలలో కాస్త బరువుగా, నిలకడగా సాగే బోర్డంటేనే ఇష్టం. పాలీయురేథేన్‌కే మొగ్గాను.

అలా మొగ్గాక బ్లాంక్ ఎంపిక ఇంకా ముఖ్యమవుతుంది. ఈపీఎస్‌ను పెద్ద దిమ్మగా పోతపోసి, వేడి తీగతో కావలసిన ఆకారానికి కోస్తారు. ఎక్కడ కోసినా గట్టిదనం ఇంచుమించు ఒకటే. పాలీయురేథేన్ సంగతి వేరు. ద్రవంగా అచ్చులో పోస్తే పొంగి నిండుతుంది, అచ్చు గోడకు ఆనుకున్న పొర చిక్కగా తయారవుతుంది. లోపలికి పోయేకొద్దీ ఫోమ్ మెత్తబడుతుంది. అంటే మందమైన బ్లాంక్ కొని చెక్కుకుంటూ పోతే, డబ్బు పెట్టి కొన్న గట్టి ఫోమంతా దుమ్మై నేలపాలవుతుంది, మెత్తటి లోపలి భాగం మీద మన మడమలు ఆనతాయి. డెక్ (మనం నిలబడే పైతలం) మీద గుంటలు పడటానికి ఇదో ముఖ్య కారణం. ఇంకో మాట: పాలీయురేథేన్‌ను వేడి తీగతో ఎప్పుడూ కోయకూడదు. కాలితే విషవాయువులు వస్తాయి. రంపమే వాడాలి.

1961లో గోర్డన్ క్లార్క్ స్థాపించిన క్లార్క్ ఫోమ్ 2005 డిసెంబర్ 5న హఠాత్తుగా మూతపడేదాకా, అమెరికాలో బోర్డులు చెక్కే షేపర్లలో ఎక్కువమంది ఆ ఒక్క కంపెనీ బ్లాంకుల మీదే ఆధారపడ్డారు. ఇప్పుడు యూఎస్ బ్లాంక్స్, ఆర్కిటిక్ ఫోమ్, ఆస్ట్రేలియాలో బర్‌ఫోర్డ్ లాంటివి ఉన్నాయి. ఎవరి కేటలాగు వారిది. సాంద్రతను సూచించే రంగుల గుర్తులు కూడా అందరివీ ఒకటి కాదు, ఒకరి పట్టిక చూసి మరొకరి దగ్గర ఆర్డర్ పెట్టొద్దు. నేను మధ్యరకం సాంద్రత తీసుకున్నాను.

కేటలాగులో నేను చూసినవి మధ్య మందం, రెండు కొసల నుంచి 12 అంగుళాల దగ్గర మందం, సహజ రాకర్. కుదిరిన బ్లాంక్ 6 అడుగుల 8 అంగుళాలది. మధ్య మందం 3.1, ముక్కు వంపు 5.3, తోక వంపు 2.4. బోర్డు కన్నా 4 అంగుళాలు ఎక్కువ పొడవు. ఆ నాలుగింటిని ఎటు నుంచి తీస్తామన్నదే అసలు కిటుకు. ముక్కు కొసన వంపు నిటారుగా లేస్తుంది కాబట్టి అక్కడ 3 అంగుళాలు కోస్తే రాకర్ ముప్పావు అంగుళానికి పైగా తగ్గి 4.5 దగ్గరికి వస్తుంది. తోక వైపు ఒక్క అంగుళం చాలు, 2.25కి దిగుతుంది. ఔట్‌లైన్ గీసే టెంప్లేట్‌ను కాస్త ముందుకో వెనక్కో జరిపితే, చిత్రిక తాకకుండానే వంపు మారిపోతుంది! స్ట్రింగర్ (బ్లాంక్ నడుమ పొడవునా అతికించిన సన్నటి చెక్క పట్టీ) ఉన్న బ్లాంక్‌లో చెక్కి వంపు మార్చాలంటే చెక్కనూ ఫోమ్‌నూ కలిపి తీయాలి, అది మందాన్ని తినేస్తుంది. స్ట్రింగర్‌కు 1/8 అంగుళం బాస్‌వుడ్ చెక్కతో సరిపెట్టుకున్నాను. తేలిగ్గా తెగుతుంది, ఈ పొడవుకు బలమూ చాలు.

రవాణాలో ఎక్కువగా దెబ్బతినేవి కొసలే కాబట్టి పెట్టె విప్పగానే వాటిని చూశాను. తర్వాత ఒక కన్ను మూసి స్ట్రింగర్ వెంబడి చూశాను, తిన్నగానే ఉంది. మెలిక ఉందేమోనని వడ్రంగులు చూసినట్టే ముక్కు దగ్గరొకటి, తోక దగ్గరొకటి తిన్నటి పట్టీలు అడ్డంగా పెట్టి, వెనక నుంచి రెండూ సమాంతరంగా ఉన్నాయో లేదో చూశాను. జిగురు గీతలో ఖాళీలు లేవు. బొటనవేలితో నొక్కుకుంటూ పోతే ఎక్కడా మెత్తటి మచ్చ తగల్లేదు. చివరగా బోర్లా తిప్పి, నడిమధ్యన ఆనేలా పొడవాటి తిన్నటి కడ్డీ పెట్టి కొసల దగ్గర దూరం కొలిచాను. ముక్కు 5.25, తోక 2.4. కేటలాగు మాట నిలిచింది.

వెంటనే చెక్కని వాళ్లకు ఒక సూచన: ఎండ తగిలితే పాలీయురేథేన్ పసుపెక్కుతుంది. గోడకు వాలుగా నిలబెట్టకుండా, మెత్త పరిచిన రెండు బల్లల మీద చదునుగా ఉంచి గుడ్డ కప్పండి.

తీయాల్సిన మందం 0.35 అంగుళం, దాదాపు 9 మిల్లీమీటర్లు. అందులో 6 కింది తలం నుంచి, డెక్ నుంచి 3 మాత్రమే. గట్టి పొర కాళ్ల కింద మిగలాలి కదా. కింది తలంలో ముక్కు నుంచి తోకదాకా ఒకే లోతున, ఒక్కో వరసకు ఒక మిల్లీమీటరు చొప్పున పోతే రాకర్ చెదరదు. స్ట్రింగర్ కోసం చిన్న చేతి చిత్రిక పదును పెట్టాను, ధూళి మాస్కుకు కొత్త ఫిల్టర్లు వేశాను. రేపు గీత బయట పావు అంగుళం వదిలి ఔట్‌లైన్ కోస్తాను. ఆ పావు అంగుళాన్ని తర్వాత శాండ్ పేపర్ చుట్టిన పొడవాటి దిమ్మతో గీతదాకా తెస్తాను.