చీమల నుంచి చీమలను కాపాడుకుంటూ

విశాఖపట్నంలో చీమల్ని పెంచుతున్నానని చెబితే ఎవరైనా మొదట అనే మాట ఇదే: "పెంచడం దేనికి, అవే వస్తాయి కదా?" రావని నేనూ అనను. బెల్లం డబ్బా మూత కాస్త వదులైతే చాలు, తెల్లారేసరికి గోడ పొడవునా బారు తీరి ఉంటాయి. కానీ అలా వచ్చేవన్నీ పనిచీమలు. మోసుకెళ్ళినది ఎవరికి పెడతాయో, లోపల ఎవరు ఎవరిని సాకుతారో మనకు కనిపించదు. పుట్ట తవ్వి చూద్దామంటే అది చెదిరిపోతుంది తప్ప ఏమీ తెలియదు. ఆ లోపలి సంసారం చూడాలంటే ఒక్క రాణితో మొదలుపెట్టి, గాజుగొట్టంలో దాని కుటుంబాన్ని పెరగనివ్వాలి.

ఖర్చు తక్కువ, శ్రమ ఇంకా తక్కువ. అయితే సముద్రపు తేమలో మునిగి ఉండే మా ఊళ్ళో ఈ సరదాకు ఇద్దరు శత్రువులు ఉన్నారు. మొదటిది బూజు. రెండోది చెబితే నవ్వుతారు: చీమలే.

కొత్తగా పెంచేవాళ్ళకు గండుచీమ మంచిది. పెరట్లో, చెట్ల మొదళ్ళలో, రోడ్డు పక్కన తిరిగే పెద్ద నల్లచీమ. శాస్త్రజ్ఞులు కాంపొనోటస్ అనే ప్రజాతిలో చేర్చారు. ఒంటి మీద జరిగేది కంటికి ఆనుతుంది, పెంపకం నిదానంగా సాగుతుంది, సన్నని సందుల్లోంచి దూరిపోదు. దానికి కొండి లేదు. కోపం వస్తే కరిచి, కరిచిన చోట ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది, అంతే. వంటింటి చిట్టి ఎర్రచీమలు కుడతాయి, చూస్తుండగానే వందల్లోకి పెరుగుతాయి, సూది మొన పట్టే సందు దొరికినా బయటపడతాయి. మామిడి చెట్టు మీద ఆకులు కుట్టుకుని గూడు కట్టే ఎర్రచీమలను చూసి చాలామంది ముచ్చటపడతారు. పిల్లపురుగులను నోట కరిచి, అవి వదిలే పట్టుదారంతో ఆకులను అతికించే నేర్పు వాటిది. ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో వాటితో చేసే పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా వాటి జోలికి పోవద్దు. గాజుగొట్టంలో ఇమిడే స్వభావం కాదు వాటిది.

రాణి ఎక్కడ దొరుకుతుంది? పుట్ట తవ్వనక్కర్లేదు, తవ్వకూడదు కూడా. నైరుతి రుతుపవనాలతో పాటు మంచి వానలు పడి, మర్నాడు గాలి ఆడక ఉక్కపోసే సాయంత్రాలు ఉంటాయి. పుట్టల్లోంచి రెక్కల చీమలు ఎగిరేది అప్పుడే. ఎం.వి.పి. కాలనీలో మా వీధి దీపం కింద ప్రతి ఏడూ ఈ సందడి చూస్తాను. అక్కడ రాలేవాటిలో ఎక్కువ భాగం ఉసుళ్ళు, అంటే చెదలు. తేడా తెలియకపోతే చెదలను ఇంటికి తెచ్చుకుంటారు! ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, నడుము సన్నగా ఉండదు, మీసాలు వంకర లేకుండా ఉంటాయి. చీమకు ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి, నడుము సన్నం, మీసం మధ్యలో మోచేయి ఉన్నట్టు వంగి ఉంటుంది. మగచీమలకు తల చిన్నది, ఒళ్ళు పలచన, అవి ఎలాగూ త్వరలోనే చనిపోతాయి. రాణికి భుజాల భాగం బలిసి ఉంటుంది. రెక్కలు రాల్చేసుకుని నేల మీద హడావుడిగా తిరుగుతోందంటే జోడీ కలిసి, గూటికి చోటు వెతుకుతోందని చాలావరకు నమ్మవచ్చు. ఆ ఒక్క సాయంత్రం కడుపులో దాచుకున్న బీజంతోనే అది బతికినన్నాళ్ళూ గుడ్లు పెడుతుంది.

దొరికిన రాణులను ఒక్కొక్కటి ఒక్కో గొట్టంలో ఉంచాను. అందరూ తల్లులు కారు. ఒకటి గుడ్లు పెట్టకుండానే చనిపోయింది. ఇంకొకటి పెట్టిన గుడ్లను తానే తినేసింది. జోడీ కలవనిది అయితే గుడ్లు పెట్టినా వాటిలోంచి మగచీమలే వస్తాయి, కుటుంబం నిలవదు. అందుకే ఒక్క రాణి మీదే ఆశలు పెట్టుకోకూడదు.

గొట్టం అంటే స్కూల్లో వాడే టెస్ట్ ట్యూబే. ప్రయోగశాల సామాను అమ్మే దుకాణంలో వేలెడు లావువి తెచ్చుకున్నాను. మూడో వంతు నీళ్ళు పోసి, దూది ఉండను పెన్సిలుతో నీటి దాకా దించాలి. దూది తడవాలి, నీరు కారకూడదు. ఇక్కడ ఓపిక కావాలి. దూది వదులైతే నీళ్ళు వచ్చి రాణి మునుగుతుంది, మరీ బిగిస్తే తేమ అందదు. తర్వాత రాణిని వదిలి, మూతి దగ్గర పొడి దూది పెట్టి, గొట్టాన్ని పడుకోబెట్టి చీకట్లో దాచాలి. తిండి పెట్టనక్కర్లేదు. ఇక ఎగరాల్సిన పని లేదు కాబట్టి రాణి తన రెక్కల కండరాలనే కరిగించుకుని, ఆ సత్తువతో మొదటి బిడ్డలను సాకుతుంది. గండుచీమ రాణికి ఆ బలం ఉంటుంది. అన్ని జాతులకూ ఉండదు.

మా అమ్మకు ఈ మాట నచ్చలేదు. "పురిటి మనిషికి తిండి లేకుండా తలుపేస్తావా?" అని రోజూ ఒక పంచదార పలుకు పట్టుకుని వచ్చేది. వద్దని చెప్పడానికి నాకు తల ప్రాణం తోకకు వచ్చింది. గొట్టంలో పంచదార పడితే తేమ పీల్చుకుని జిగురవుతుంది, ఆ వెనకే బూజు పడుతుంది.

గొట్టం ఎక్కడ పెట్టాలన్నది నేను అనుకున్నంత తేలిక కాలేదు. ఇనప బీరువాలో చీకటి బాగుంటుంది కానీ తలుపు వేసిన ప్రతిసారీ లోపల అంతా అదురుతుంది. చీమలకు శబ్దం కన్నా అదురు ఎక్కువ తెలుస్తుంది. బెదిరిన రాణి గుడ్లు తినేస్తుంది. ఏసీ గదిలో పెడితే రాత్రి చల్లబడి పగలు వేడెక్కి, గొట్టం గోడలకు నీటి చుక్కలు పడతాయి. ఆ చుక్కల్లో గుడ్లు అంటుకుపోతాయి. చివరికి ముందుగదిలో పుస్తకాలు పెట్టే చెక్క అరల్లో అన్నిటికన్నా కింది అర ఖాయమైంది. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి దోమల మందు. ప్లగ్గుకు పెట్టే ద్రవమైనా, చుట్టలైనా, వాటిలో ఉండేది పైరెత్రాయిడ్ జాతి మందు. దోమను చంపేది చీమను వదలదు. విశాఖలో వానాకాలం దోమల మందు లేకుండా గడపమంటే ఇంట్లో గొడవే. మేము దోమతెరకు మారాం. చీమల కోసమని చెప్పలేదు, డెంగీ పేరు చెప్పాను.

ఆ తర్వాత పని ఏమిటంటే చూడకుండా ఉండటం. వారానికి ఒకసారి మాత్రం ఎర్ర జిలటిన్ కాగితం చుట్టిన టార్చితో చూసేవాణ్ణి. ఎర్ర వెలుగు వాటికి అంతగా తెలియదు. మొదట గుడ్ల చిన్న ముద్ద కనిపించింది. తర్వాత కాళ్ళు లేని తెల్లని పిల్లపురుగులు. కొన్నాళ్ళకు అవి పట్టు అల్లుకుని, ఉప్పుడుబియ్యపు గింజల్లాంటి గూళ్ళలో ముడుచుకున్నాయి. ఒక్కో గూటికి ఒక కొసన నల్లచుక్క. పిల్లపురుగు అన్నాళ్ళూ కడుపులో దాచుకున్న మలమంతా ఒక్కసారిగా వదిలేసిన గుర్తు అది. ఆ చుక్క పడిందంటే లోపల మార్పు మొదలైనట్టే. "చీమలు గుడ్లు మోస్తున్నాయి, వాన వస్తుంది" అంటారే, ఆ గుడ్లలో ఎక్కువ భాగం ఈ గూళ్ళే. అసలు గుడ్డు చుక్క పెట్టినంత కూడా ఉండదు.

మా ఎండకు, ఉక్కకు గుడ్డు నుంచి పనిచీమ దాకా నెలా రెండు నెలలు పడుతుంది. గూటిని రాణే కొరికి తెరిచి బిడ్డను బయటికి లాగింది. పుట్టిన చీమ నల్లగా ఉండదు. తేనెరంగులో, కాళ్ళు వణుకుతూ, మీసాలు సర్దుకోలేక తడబడుతుంది. రంగు గట్టిపడటానికి కొంత సమయం కావాలి. రాణి ఒంట్లోని నిల్వ మీదే పెరిగాయి కాబట్టి మొదటి కాన్పు చీమలు చిన్నవి. అయినా ఒళ్ళు గట్టిపడగానే రాణిని నాకడం, గూళ్ళు తిప్పడం మొదలుపెట్టాయి.

తిండి మొదలయ్యేది ఇప్పుడే. దానితో పాటే రెండో శత్రువు దిగింది. మూతి దూది పక్కన తేనె చుక్క పెట్టిన రోజు రాత్రే, తల నల్లగా, వెనక భాగం, కాళ్ళు పాలిపోయి ఉండే చిట్టి చీమలు అర మీద బారు కట్టాయి. ఇంట్లో అందరికీ తెలిసిన రకమే. దూదికీ గాజుకూ మధ్య సందు వాటికి రాజమార్గం. తేనెతో ఆగవు, గూళ్ళను కూడా మోసుకుపోతాయి. గండుచీమలు నాలుగైదు ఉంటే ఏం చేస్తాయి? గూళ్ళను నోట కరిచి తడిదూది మూలకు చేరుకున్నాయి. రాణి వాటి వెనక నక్కింది. నేను గొట్టం బయటికి తీసి, అంటుకున్న చిట్టి చీమలను కుంచెతో ఊడ్చి, దూది మార్చేసరికి అర్ధరాత్రి దాటింది.

చీమల మందు చాక్‌పీసుతో అర చుట్టూ గీత గీయవచ్చు అనుకోకండి. ఆ పొడి మా చీమలకూ విషమే. మళ్ళీ అమ్మే దారి చూపింది. పాలగిన్నెకు చీమ పట్టకుండా నీళ్ళ పళ్ళెంలో పెడతాం కదా, దీనికీ అదే చెయ్యమంది. పళ్ళెంలో నీళ్ళు, మధ్యలో బోర్లించిన గిన్నె, దాని మీద గొట్టం. బరువు లేని చిట్టి చీమలు ఒక్కోసారి నీటి పొర మీద నడిచి దాటుతాయి, కాబట్టి నీటిలో గిన్నెలు తోమే సబ్బుద్రవం ఒక చుక్క కలిపాను. ఆ పొర తెగిపోతుంది. రెండు మూడు రోజులకు ఒకసారి నీళ్ళు మార్చాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. పళ్ళెం గోడకు తగలకూడదు, కిటికీ తెర అంచు కూడా తగలకూడదు. ఒక్క దారం చాలు వంతెనకు. ఇంట్లో చీమల బెడద అంతగా లేని దేశాల వాళ్ళు రాసిన సలహాల్లో ఈ పళ్ళెం సంగతి పెద్దగా కనిపించదు. మన ఊళ్ళలో చీమలు పెంచాలంటే ముందు కొనాల్సింది ఈ పళ్ళెమే.

తిండి విషయంలో చీమలకు రెండు కావాలి. పనిచీమకు తీపి, పిల్లపురుగుకు మాంసం. తేనెలో నీళ్ళు కలిపి, అల్యూమినియం రేకు ముక్క మీద చుక్క పెడతాను, మిగిలితే మర్నాడే తీసేస్తాను. మాంసానికి దోమల బ్యాటుతో కొట్టిన దోమలు బాగా పనికొచ్చాయి. మందు తగలని దోమ దొరికేది అలాగే. కూరకు తెచ్చిన రొయ్యల్లో ఉప్పూ కారం పడకముందే గోటి మొనంత ముక్క తీసి, ఉడికించి పెడితే ఇంకా ఇష్టం. బొద్దింకలను మాత్రం పెట్టను. ఏ ఇంట్లో ఏ మందు తిని వచ్చిందో దానికే తెలియాలి.

వీటి భోజనం చూసి తీరాలి. ఒక చీమ తేనె తాగి వస్తుంది. దాని పొట్ట మీది నల్ల పలకలు ఒకదానికొకటి ఎడమై, మధ్యలో సన్నని లేత చారలు తేలతాయి. ఆకలిగా ఉన్న చీమ ఎదురొచ్చి మీసాలతో దాని ముఖం తడుముతుంది. రెండూ మూతులు కలుపుతాయి. మొదటిది తాగిన తేనెను కక్కి ఇస్తుంది, రెండోది అందుకుంటుంది. కాసేపటికి మొదటిదాని పొట్ట మీది చారలు సన్నబడి, రెండోదాని పొట్ట మీద తేలతాయి. అది వెళ్ళి రాణికి పెడుతుంది. అడిగితే లేదనడం నేను చూడలేదు. ఆ రేకు దగ్గరికి వెళ్ళేది ఎప్పుడూ ఒకటీ రెండే, కానీ అందరి కడుపూ నిండుతుంది.

పదీ పదిహేను అయ్యాక గొట్టం మూతిని ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి తెరిచాను. డబ్బా వాటికి వాకిలి, గొట్టం పడకగది. పారిపోకుండా డబ్బా అంచు లోపలి వైపు టాల్కం పౌడరును సర్జికల్ స్పిరిట్‌లో కలిపి పూస్తారు, ఆరాక చీమ కాళ్ళు జారుతాయి. మార్చిలో బాగానే పనిచేసింది. ఆగస్టు తేమకు పౌడరు ముద్దకట్టి రాలింది, గండుచీమలు దాని మీదుగా షికారు వచ్చాయి. అందుకే వానాకాలంలో పౌడరు మానేసి పల్చగా వ్యాసలీను పూస్తున్నాను. పెద్ద అందంగా ఉండదు. పైగా మూత వేసి, మూతకు సన్నని స్టీలు జాలీ అతికించాను. బయట నీళ్ళ పళ్ళెం ఉంది కాబట్టి ఎవరైనా అంచు దాటినా ఒడ్డు దాటరు.

పక్క ఫ్లాట్ పిన్నిగారు ఒకసారి చూసి, "ఇవి ఎన్నాళ్ళు ఉంటాయి బాబూ?" అన్నారు. పనిచీమలు నెలల నుంచి ఒకటి రెండేళ్ళు, రాణి అదృష్టం బాగుంటే పదేళ్ళు దాటవచ్చు అన్నాను. నమ్మలేదు. 19వ శతాబ్దంలో రెండు గాజుపలకల మధ్య మట్టి పోసి చీమలను పెంచిన ఇంగ్లండు పరిశోధకుడు జాన్ లబక్ దగ్గర ఒక రాణి దాదాపు 15 ఏళ్ళు బతికింది. ఈ సంగతి చెబితే పిన్నిగారు మా అమ్మ వైపు జాలిగా చూశారు.

సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు ఏం చెయ్యాలన్న బెంగ అనవసరం. గొట్టంలో నీళ్ళు, తేనెలో ముంచిన దూది, వెళ్ళేముందు ఒక రొయ్య ముక్క తినిపించి శుభ్రం చేస్తే వారం పాటు వాటికి మన అవసరమే లేదు. ఎండిపోయేది బయటి పళ్ళెం. దాన్ని నింపమని పిన్నిగారికి తాళం ఇచ్చి వెళ్తున్నాం. చీమలు రాకుండా చూడమని చెబితే ఆవిడ ఏ చీమలు అని అడిగారు.

ఈ మధ్య పెద్ద తలల చీమలు పుడుతున్నాయి. ఒకే తల్లి బిడ్డలు, కానీ బాగా తిని పెరిగిన పిల్లపురుగు ఇలా పెద్ద దవడలతో వస్తుంది. వీటికి గొట్టం ఇరుకు. ఇళ్ళు కట్టేచోట పారేసిన ఏఏసీ ఇటుక (గాలి బుడగలతో తేలిగ్గా ఉండే సిమెంటు ఇటుక) ముక్క ఒకటి తెచ్చి, స్క్రూడ్రైవరుతో గదులు గీరుతున్నాను. ఒక మూల గుంటలో నీళ్ళు పోస్తే ఇటుక పీల్చుకుని ఆ వైపు తడిగా, ఎదురు వైపు పొడిగా ఉంటుంది, ఏది కావాలో అవే ఎంచుకుంటాయి. మా తేమకు నీళ్ళు చాలా తక్కువ పోయాలి, బూజు ఇటుకనూ వదలదు. పైకి గాజుపలక కోయించాలి. కొలతలు తీసి పెట్టుకున్నాను, గాజు కోసే అతను ఆదివారం రమ్మన్నాడు.