నోటిఫికేషన్ రాకముందే బోనఫైడ్‌లు తెచ్చుకోండి

హన్మకొండలో కోచింగ్ సెంటర్లున్న సందులో నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. గ్రూప్స్‌కి, అంటే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకి, ఏం చదవాలో సార్లు చెప్తారు. కాగితాల సంగతి, అందులోనూ ఏ తరగతి ఏ బడిలో చదివారో బడి వాళ్లు రాసిచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ల సంగతి మాత్రం నేను రోజూ చూస్తాను కాబట్టి చెప్తున్నా.

2022 మార్చి 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో 80,039 ఉద్యోగాలు భర్తీ చేస్తామన్నారు. ఏప్రిల్ చివర్లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. ఏళ్లకేళ్లు ఎదురుచూసిన పిల్లలు తీరా అది వచ్చాక పుస్తకాలు పక్కన పెట్టి తహసీల్దార్ ఆఫీసుకూ చిన్నప్పటి బడికీ తిరగడం మొదలుపెట్టారు. అదేమో ఎండాకాలం. బడికి సెలవులు, హెడ్‌మాస్టర్ ఊళ్లో ఉండరు, రిజిస్టర్లున్న బీరువా తాళం ఆయన దగ్గరే. చదువుకోవాల్సిన రోజులు అట్లా పోతుంటే చూడటానికి నాకే బాధనిపించేది.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది బోనఫైడ్. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఇప్పుడు లోకల్ ఎవరో తేల్చేది ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన చోటు. ఉద్యోగాల్లో 95 శాతం లోకల్ వాళ్లకే. పైగా పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. చేర్యాలలో చదివిన వాళ్లు అప్పట్లో వరంగల్ జిల్లా, ఇప్పుడేమో సిద్దిపేట. రెండో తరగతి ఒక ఊళ్లో, నాలుగు అమ్మమ్మ వాళ్లింట్లో, ఆరు హాస్టల్లో చదివిన పిల్లలు మా దగ్గర బోలెడు మంది. ఏ తరగతి ఏ జిల్లా కిందికి వస్తుందో ఫారం నింపేటప్పుడు అమ్మకు ఫోన్ చేసి అడుగుతారు. "వెరిఫికేషన్ అప్పుడు చూసుకుందాంలే అన్నా" అంటారు. అప్లికేషన్‌లో ఒక జిల్లా, బోనఫైడ్‌లో ఇంకో జిల్లా ఉంటే అప్పుడు చేసేదేముంది?

పెళ్లైన అక్కలు ఇంకాస్త ముందే మేలుకోవాలి. ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు, టెన్త్ మెమోలో పుట్టింటి పేరు ఉంటాయి. మెమోలో ఉన్న పేరే ఆధార్‌లోనూ ఉండేలా తీరిగ్గా ఉన్నప్పుడే మార్పించుకోండి. బీసీ వాళ్లకు నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ (బీసీల్లో పైస్థాయి కుటుంబం కాదని ఇచ్చేది) కోసం చూసేది తల్లిదండ్రుల హోదానే, భర్త జీతం కాదు. ఈ సంగతి తెలియక భర్త పేరుతో తీయించుకుని, మళ్లీ పుట్టింటి మండలానికి పరుగెత్తిన వాళ్లున్నారు.

మానుకోట (మహబూబాబాద్) వైపు నుంచి వచ్చి ఇక్కడ రూమ్ తీసుకుని చదివిన ఒక చెల్లె ఉండేది. నోటిఫికేషన్ ఊసే లేని రోజుల్లో ఒక్కో బడికీ వెళ్లి ఏడు తరగతుల బోనఫైడ్‌లూ తెచ్చుకుంది. ప్రతిదాంట్లో పుట్టిన తేదీ, నాన్న పేరు మెమోతో కలుస్తున్నాయా అని నా కౌంటర్ మీదే పెట్టుకుని చూసింది. ఒకదాంట్లో అక్షరం తేడా ఉంటే మళ్లీ వెళ్లి దిద్దించుకొచ్చింది. అన్నీ స్కాన్ చేయించి మెయిల్‌లో దాచుకుంది. గ్రూప్-4 అప్లికేషన్లు మొదలయ్యాక ఒక పొద్దున వచ్చి, ఫారం నింపి, డబ్బు కట్టి, తొమ్మిది గంటల క్లాసుకి వెళ్లిపోయింది. ఉద్యోగం తన చదువుతోనే వచ్చింది, అందులో అనుమానం లేదు. కానీ మిగతావాళ్లు లైన్లలో నిలబడ్డ రోజుల్లో తను లైబ్రరీలో కూర్చుంది.

ఓసీల్లో పేదవాళ్ల రిజర్వేషన్‌కి ఇచ్చే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ మాత్రం మరీ ముందు తీయించుకుంటే లాభం లేదు, ఆర్థిక సంవత్సరం మారితే మళ్లీ కొత్తది కావాలి. దానికి కావలసిన ఆదాయం కాగితాలు దగ్గర పెట్టుకుంటే చాలు. మీరు చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటే మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి. పాత రిజిస్టర్లు వెతకడానికి వాళ్లకూ టైమ్ పడుతుంది, అందుకే సెలవులు మొదలయ్యేలోపే వెళ్లండి.