నిన్న రాత్రి చూసిన క్రిస్మస్ సినిమా

నిన్న రాత్రి పాప, నేను ఒకే దుప్పటి కప్పుకుని 'క్రౌన్ ఫర్ క్రిస్మస్' చూశాం. 2015లో హాల్‌మార్క్ ఛానల్‌లో వచ్చిన టీవీ సినిమా. హోటల్లో ఉద్యోగం పోయిన పనమ్మాయి ఒక రాజుగారి కూతురికి సంరక్షకురాలిగా వెళ్తుంది. తర్వాత ఏమవుతుందో పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది, అయినా కళ్లు తిప్పుకోలేదు.

రాజుగా వేసిన రూపర్ట్ పెన్రీ-జోన్స్ అంతకుముందు బ్రిటన్‌లో 'స్పూక్స్' సీరియల్లో గూఢచారి. నా మనసు మాత్రం హీరోయిన్ డానికా మెక్‌కెల్లర్ దగ్గరే ఆగిపోయింది. 1988లో, పదమూడేళ్లకే 'ది వండర్ ఇయర్స్' అనే అమెరికన్ టీవీ సీరియల్లో విన్నీ కూపర్‌గా ఇంటింటికీ తెలిసిన పిల్ల. 1993లో సీరియల్ అయిపోయాక లాస్ ఏంజిలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో చేరి, 1998లో లెక్కల్లో డిగ్రీ తీసుకుంది. చదువుకుంటూనే ప్రొఫెసర్‌తో, ఇంకో విద్యార్థినితో కలిసి ఒక సిద్ధాంతం నిరూపించింది. అందులో ఆమె పేరు కూడా ఉంది: చేయెస్-మెక్‌కెల్లర్-విన్ సిద్ధాంతం! తర్వాత ఆడపిల్లలకు లెక్కలంటే భయం పోవాలని పుస్తకాలు రాసింది. నటన కూడా వదల్లేదు.

చిన్నప్పుడే పేరొచ్చినవాళ్ల గురించి "ఇప్పుడు టీవీ సినిమాలు చేసుకుంటోంది పాపం" అంటుంటారు. ఆ పాపం అనే మాట నాకు అస్సలు నచ్చదు. ఏటా డిసెంబర్‌లో ఆమె కోసం టీవీ పెట్టుకునే ఇళ్లు ఎన్ని లేవు!

ఇదంతా చెప్తే పాప సినిమా పాజ్ చేసి, "ఈవిడకి నిజంగా లెక్కలొచ్చా అమ్మా?" అంది. పొద్దున లేచేసరికి డైనింగ్ టేబుల్ మీద భిన్నాల వర్క్‌షీట్ తెరిచి ఉంది, పక్కనే చెక్కిన పెన్సిల్.