చొక్కా జేబులో ఫోను మానేశా

పేస్‌మేకర్ పెట్టి నాలుగు నెలలైంది. డాక్టరు సరేనన్నాక, ఇవాళ వైజాగ్ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర మొదలెట్టి 3 కిలోమీటర్లు పరిగెత్తా. 67 ఏళ్ల వాడి పరుగు, మీరు నడకంటే నడకే!

మొదటి ఆరు వారాలే నరకం. గుండెలోకి వెళ్లిన తీగలు కుదురుకునేదాకా ఎడమ చెయ్యి భుజం దాటి ఎత్తకూడదు. చొక్కా తొడగడానికి కూడా మా ఆవిడే దిక్కు. "ముందు ఆ చెయ్యి దించండి" అని రోజుకి పదిసార్లు.

ఒళ్లు కదిలితే లోపలి సెన్సార్ పసిగట్టి గుండె వేగం పెంచుతుంది. కానీ దానికీ ఓ హద్దు పెడతారు, నాకు నిమిషానికి 130 సార్లు. ఎత్తు రాగానే ఆయాసం. నడిచేశా, నామోషీ అనిపించలేదు.

ఫోను మాత్రం ఇప్పుడు ప్యాంటు జేబులోనే, మెషీన్‌కి దూరంగా.

ఆదివారం మళ్లీ వెళ్తా. ఇంట్లో ఇంకా చెప్పలేదు.