ఖద్దరు గౌను వేసుకున్న విద్యార్థి

జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి ఎవరు రాసినా హార్వర్డ్ విశ్వవిద్యాలయం దగ్గర మొదలుపెట్టి, ఒంట్లోని కణాలకు శక్తినిచ్చే ఏటీపీ మీదుగా ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ దాకా వెళ్ళి, అంతటి మనిషికి నోబెల్ బహుమతి రాలేదే అన్న బాధతో ముగిస్తారు. నాకు మాత్రం ఆ కథకు ఆయువుపట్టు మద్రాసు మెడికల్ కాలేజీలో ఉందనిపిస్తుంది. విదేశీ వస్తువులను విడిచిపెట్టమని గాంధీజీ ఇచ్చిన పిలుపును మనసారా నమ్మిన ఆ విద్యార్థి, శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు గౌను తొడుక్కుని వెళ్ళడం మొదలుపెట్టారు. సర్జరీ ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. పరీక్షల్లో రాతపేపర్లు బాగానే రాసినా, చివరికి సుబ్బారావు గారి చేతికి ఎం.బి.బి.ఎస్. పట్టా బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ వచ్చింది. ఆయన జీవితకథ రాసినవారు ఈ రెండింటినీ కారణంగానూ ఫలితంగానూ ముడిపెట్టే చెబుతారు.

ఒక గౌను ఏ బట్టతో కుట్టించుకోవాలన్నది ఎంత చిన్న విషయం! ఆ రోజు మిల్లు బట్ట వేసుకుని వెళ్ళి ఉంటే ఎవరూ ఏమీ అనుకునేవారు కారు, ఆయన దేశభక్తిని శంకించేవారూ ఉండేవారు కారు. అయినా ఆ పని ఆయన స్వభావానికి కొత్తది కాదని అంతకు ముందటి సంగతులు చూస్తే తెలుస్తుంది. 1895 జనవరి 12న భీమవరంలో, ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడిగా పుట్టారు. పదమూడో ఏట, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడించవచ్చునని బంధువుల కుర్రవాడితో కలిసి ఇల్లు విడిచి బయలుదేరితే, పెద్దవాళ్ళు పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. తండ్రి పోయాక తల్లి వెంకమ్మ గారు నగలు అమ్మి చదివించారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకున్నారు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. తల్లి అనుమతి లేనిదే మఠం చేర్చుకోదు. సేవే చేయాలనుకుంటే వైద్యం చదివి చేయవచ్చు కదా అన్న సలహా మీద ఆయన మెడికల్ కాలేజీలో చేరారు. అంటే, ఖద్దరు గౌను కంటే ముందు ఒక తల్లి చెప్పిన ‘వద్దు’ ఉంది. ఆవిడ సరేనని ఉంటే మద్రాసులోనో బేలూరులోనో మరో స్వామీజీ ఉండేవారు, అంతే.

ఎల్.ఎం.ఎస్.తో మద్రాసు వైద్య శాఖలో ఉద్యోగానికి ప్రయత్నించారు గాని దొరకలేదు. అది దొరికి ఉంటే ఏం జరిగేదో ఊహించడం కష్టం కాదు. ఏ తాలూకా కేంద్రంలోనో సర్కారు ఆసుపత్రి, బదిలీలు, పదోన్నతులు, పింఛను. అందులో తక్కువతనం ఏమీ లేదు. అలాంటి వైద్యులు ఎందరో మన ఊళ్ళను కాపాడారు. కాని ఆ తలుపు మూసుకుపోవడంతో ఆయన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు మద్రాసులో నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించే ఉపన్యాసకుడిగా చేరారు. లక్ష్మీపతి గారితో ఆయనకు ప్రాణసంబంధమే ఉంది. స్ప్రూ అనే జబ్బు, తిన్నది ఒంటబట్టక విరేచనాలతో, రక్తహీనతతో మనిషిని కొద్దికొద్దిగా తినేసే జబ్బు, సుబ్బారావు గారి అన్నదమ్ముల్లో ఇద్దరిని బలిగొంది. అదే జబ్బు ఆయనకూ వచ్చినప్పుడు నయం చేసినవారు లక్ష్మీపతి గారే. ఆయుర్వేద మందులలోని గుణం ఏమిటో ఆధునిక పద్ధతుల్లో తేల్చాలన్న పట్టుదల సుబ్బారావు గారికి ఆ కళాశాలలోనే ఏర్పడింది. పెద్ద పట్టా, సర్కారు ఉద్యోగం ఉన్న వైద్యుడికి ఆ ప్రశ్న తగిలే అవకాశం తక్కువని నా నమ్మకం.

ఆ తర్వాత రాక్‌ఫెల్లర్ సంస్థ తరఫున మన దేశం వచ్చిన ఒక అమెరికన్ వైద్యుడితో అనుకోకుండా పరిచయం కలిగింది. అమెరికా వెళ్ళి చదువుకోమన్న ప్రోత్సాహం అక్కడి నుంచి వచ్చింది. డబ్బు మాటకొస్తే, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటిచ్చింది, మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు మిగతాది కూడగట్టారు. బర్మాలో వ్యాపారం చేసి గడించిన ఆస్తిని ధర్మకార్యాలకు రాసిపెట్టిన సత్యలింగ నాయకర్ గారు ఆ వీలునామా మీద సంతకం చేసేటప్పుడు భీమవరం కుర్రవాడు ఒకడు ఓడ ఎక్కుతాడని ఎలా ఊహిస్తారు? అయినా ఒక ముసలాయన సంతకం కూడా ఈ వరసలో చేరింది.

నేను సుబ్బారావు గారి పేరును మొదట విన్నది పాఠంలో కాదు, ప్రయోగశాలలో. డిగ్రీ అయ్యాక కౌన్సెలింగ్‌లో నా ముందు రెండు సీట్లు ఉన్నాయి. ఇష్టమైన ఆర్గానిక్ కెమిస్ట్రీ దూరపు ఊళ్ళో, బయోకెమిస్ట్రీ విశాఖపట్నంలో. విశాఖలో మా పిన్ని ఉండేది. హాస్టల్ ఖర్చు తప్పుతుందని నాన్న అన్నారు, నేను సరేనన్నాను. ఇప్పటివరకూ నేను చేసిన ఉద్యోగాలన్నీ, నాకున్న స్నేహాలన్నీ ఆ ‘సరే’లోంచే వచ్చాయి. ఎం.ఎస్‌సి. మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో సీరంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవాలి. సీరంలో ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్ కలపగానే ప్రొటీన్లు తెల్లగా విరిగిపోతాయి. తేరుకున్న ద్రవాన్ని మరో గొట్టంలోకి తీసి, అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, రంగు తెప్పించడానికి మేమంతా ‘ఆన్సా’ అని పిలుచుకునే ద్రావణాన్ని పిపెట్‌తో వేస్తే, నీళ్ళలా ఉన్నది కాస్తా చూస్తుండగానే లేతనీలంగా మారి చిక్కబడుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత ముదురు. దాన్ని రంగు గాఢతను కొలిచే కలరీమీటర్‌లో 660 నానోమీటర్ల దగ్గర చదివి రికార్డులో రాసుకోవాలి. రికార్డులో ఆ పద్ధతి పేరు ‘ఫిస్క్–సుబ్బారావు’ అని ఉంది. ఆ రెండో పేరు మన భీమవరం ఆయనదని మేడమ్ చెప్పేదాకా మాకెవరికీ తట్టలేదు.

1925లో ప్రచురించిన ఆ పద్ధతి రక్తంలో ఫాస్ఫరస్ కొలవడానికే పుట్టింది. అప్పటికి ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పని చేస్తున్నారు. మొదట్లో పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాలు ఎత్తే పని కూడా చేశారు. కండరం నుంచి తీసిన ద్రవం మీద ఇదే పరీక్ష చేసినప్పుడు నీలిరంగు రావలసినంత త్వరగా రాలేదు, ఆగి ఆగి వచ్చింది. ద్రావణం పాడైందనో గొట్టం సరిగ్గా కడగలేదనో అనుకుని ఆ ఫలితాన్ని పక్కన పడేయడం ప్రయోగశాలలో నిత్యం జరిగే పని. వాళ్ళిద్దరూ పడేయలేదు. ఆమ్లంలో నెమ్మదిగా విడిపోతూ ఫాస్ఫరస్‌ను వదులుతున్న పదార్థం ఏదో ఉందని పట్టుకున్నారు. అదే కండరాల్లో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియటిన్, 1927లో ప్రకటించారు. ఆ దారిలోనే సాగి 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు. మనం చేయి ఎత్తినా, కన్ను ఆర్పినా శక్తినిచ్చేది అదే. ఒక గొట్టాన్ని కడిగేయకుండా ఇంకాసేపు చూద్దామనుకోవడం ఖద్దరు గౌను కంటే చిన్న నిర్ణయం. ఈ రెండింటి వెనకా ఉన్నది ఒకే మనిషి అని నాకనిపిస్తుంది. కంటికి కనబడిన దాన్ని, మనసుకు తోచిన దాన్ని కాదనుకోవడం ఆయనకు చేతకాదు.

హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. మద్రాసులో మూసుకున్న తలుపు బోస్టన్‌లోనూ మూసుకుంది. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళి, కొద్ది కాలానికే అక్కడి పరిశోధనలన్నిటికీ అధిపతి అయ్యారు. ఇక్కడి నుంచి కథ నన్ను కదిలించేది ఆవిష్కరణల సంఖ్యతో కాదు, అవి ఎక్కడికి తిరిగి వచ్చాయన్న దానితో. 1930 ప్రాంతంలో బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే వైద్యురాలు, ఈస్ట్ సారంలోని ఏదో పదార్థం దాన్ని నయం చేస్తోందని గమనించారు. ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి 1945 నాటికి సుబ్బారావు గారి బృందం కనిపెట్టింది. ఫోలిక్ యాసిడ్ స్ప్రూ జబ్బుకు మందు. ఇద్దరు అన్నదమ్ములను పోగొట్టుకుని, తానూ చావు అంచుదాకా వెళ్ళి వచ్చిన మనిషి చేతుల మీదుగా ఆ మందు లోకానికి వచ్చింది. ఈ రోజు మన ఆరోగ్య ఉపకేంద్రాల్లో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఫోలిక్ యాసిడే.

దాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే పదార్థాలను కూడా ఆ బృందం తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల వైద్యుడు, లుకేమియాతో చనిపోతున్న పిల్లలకు వాటిలో ఒకటైన అమినోప్టెరిన్ ఇచ్చి చూస్తే కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948లో ఆ సంగతి ప్రచురితమైంది. దాని తోబుట్టువైన మిథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ క్యాన్సర్‌కూ కీళ్ళవాతానికీ వాడుతున్నాం.

వీటన్నిటిలో మా ఇంటిదాకా వచ్చిన మందు మాత్రం మరొకటి. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు బోదకాలు తెచ్చే ఫైలేరియా సోకడంతో దానికి మందు వెతికే పని లెడర్లీలో మొదలైంది. 1947లో డైఇథైల్‌కార్బమజైన్ బయటికి వచ్చింది. మన ఆరోగ్య కార్యకర్తలు డీఈసీ మాత్రలు అంటారు. పశ్చిమ గోదావరిలో పుట్టినవాళ్ళకు బోదకాలు పరిచయం చేయనవసరం లేదు. మా మామ్మకు ఎడమకాలు మోకాలి కింద నుంచి స్తంభంలా ఉబ్బి ఉండేది. వెండి కడియం ఒక కాలికే పట్టేది. నా చిన్నతనంలో ఒక రాత్రి భోజనాలయ్యాక ఆరోగ్య శాఖ అతను టార్చిలైటుతో వచ్చి, ఇంట్లో అందరి వేలికొనల్లో సూదితో పొడిచి గాజు పలకల మీద రక్తం అద్దుకున్నాడు. “పగలంతా ఏం చేశావు నాయనా, పడుకునే వేళకు వచ్చావు?” అని మామ్మ అడిగితే, “ఆ పురుగు రాత్రిపూటే రక్తంలో తిరుగుతుందండి మామ్మగారూ, పగలు చూస్తే దొరకదు” అన్నాడతను. ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. తర్వాతి ఏళ్ళలో ఏటా ఒక రోజు ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్ళకు మూడేసి డీఈసీ మాత్రలు, నులిపురుగుల మందైన ఆల్బెండజోల్ ఒకటి తమ ఎదుటే మింగించేవారు. మామ్మ కాలు తగ్గలేదు, అంత ముదిరిన వాపును ఆ మాత్ర తగ్గించలేదు. కాని రక్తంలోని పురుగు పిల్లలను అది చంపుతుంది, దోమ ద్వారా మరొకరికి చేరకుండా ఆపుతుంది. మా తరంలో మా వీధిలో బోదకాలు ఉన్నవాళ్ళు ఎవరూ నాకు కనబడరు.

ఖద్దరు గౌను వేసుకోకపోయి ఉంటే ఇవేవీ ఉండేవి కావని నేను అనను. ఏటీపీ జర్మనీలోనూ దొరికింది. ఫోలిక్ యాసిడ్ కోసం అమెరికాలోనే ఇతర బృందాలూ వెతుకుతున్నాయి. విజ్ఞానశాస్త్రం ఒక మనిషి కోసం ఆగిపోదు. కచ్చితంగా మారిపోయినవి ఆయన జీవితమూ, ఆయనను పట్టుకుని ఉన్న మరికొందరి జీవితాలూ. ఆ గౌనుకు అంత బరువు ఇచ్చింది కూడా ఆయన ఒక్కరే కాదు, దాన్ని చూసి మొహం ముడుచుకున్న ఆచార్యుడు కూడా. చిన్న నిర్ణయం జీవితాన్ని మార్చిందని మనం చెప్పుకునే ప్రతి కథలోనూ ఎదుటివాడి నిర్ణయం ఒకటి ఉంటుంది. దాన్ని మనం సాధారణంగా లెక్కలోకి తీసుకోం.

అందుకే ఈ కథ గుర్తొచ్చినప్పుడల్లా నాకు సుబ్బారావు గారి భార్య శేషగిరి గారు గుర్తొస్తారు. 1919లో ఆయనతో పెళ్ళయింది. ఆయన ఓడ ఎక్కేనాటికి ఆమె గర్భవతి. పుట్టిన మగబిడ్డ ఏడాది తిరగకుండానే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. చదువు ముగిశాక వచ్చేస్తానని వెళ్ళిన భర్త మళ్ళీ దేశానికి రాలేదు. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళ వయసులో, న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. భారత ప్రభుత్వం 1995లో ఆయన శతజయంతికి తపాలా బిళ్ళ వేసింది. గౌను విషయంలో శేషగిరి గారిని ఎవరూ అడగలేదు, హార్వర్డ్ విషయంలోనూ లెడర్లీ విషయంలోనూ అడిగినట్టు నేను చదివిన చోట ఎక్కడా లేదు. సుబ్బారావు గారి మీద వచ్చిన వ్యాసాలు నేను చాలా చదివాను, ఆమెకు వాటిలో దక్కినవి రెండు మూడు వాక్యాలు. ఆ పాతికేళ్ళూ ఆమె ఎలా గడిపారో, ఏ నిర్ణయాలు తీసుకున్నారో కుటుంబాల జ్ఞాపకాల్లోంచి సేకరించి ఎవరైనా ఒక పుస్తకం రాయాలని నా కోరిక. ఆయన మీద రాబోయే పది వ్యాసాల కంటే నేను దాని కోసమే ఎదురుచూస్తాను.