సజ్జ మీది కట్టలు: కొత్తగా రాసేవారికి నాలుగు మాటలు

నల్లగొండలో మా ఇంటి వంటగది సజ్జ మీద, పాత ఇత్తడి గుండిగల వెనుక, గోధుమరంగు కాగితంలో చుట్టి సుతిలి తాడుతో కట్టిన పుస్తకాల కట్టలు 7 ఉన్నాయి. కట్టకు 50 ప్రతులు. 14 ఏళ్ళ క్రితం నా మొదటి కథల సంపుటిని 500 ప్రతులు వేయించినప్పుడు 10 కట్టలు ఆటోలో ఇంటికి వచ్చాయి. ఇప్పటివరకు అమ్మినవీ పంచినవీ కలిపితే 3 కట్టలే. దసరాకు ఇల్లు దులిపిన ప్రతిసారీ మా ఇంటావిడ వాటిని కిందికి దించి, దుమ్ము కొట్టి, ఒక్క మాటైనా అనకుండా మళ్ళీ పైకి ఎక్కిస్తుంది.

మా బడిలో చదివి ఇప్పుడు డిగ్రీలో ఉన్న పిల్లలు వచ్చి "సార్, పుస్తకం వేయాలంటే ఎంతవుతుంది?" అని అడిగినప్పుడల్లా నాకు ఆ కట్టలే కళ్ళముందు మెదులుతాయి. మొదట అడగవలసిన ప్రశ్న అది కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఒక కథను సాపు ప్రతి రాసుకుని, దానికి తగిన పత్రికను వెతికి పంపి, జవాబు కోసం ఓపిక పట్టి, తిరిగి వస్తే దిద్ది మరోచోటికి పంపడమనే పని ఒకటుంది. రాయడం వచ్చినంత మాత్రాన అది రాదు. దాన్ని విడిగా నేర్చుకోవాలి. నేను అది సరిగ్గా నేర్వకుండానే పుస్తకం దాకా పోయాను.

ఈ పంపే పని మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు. 1922లోనే షబ్నవీసు వేంకట రామనరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రికను నడిపారు. 1926లో హైదరాబాదులో మొదలైన గోలకొండ పత్రికకు సంపాదకుడైన సురవరం ప్రతాపరెడ్డి, నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు వాసి. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి బయలుదేరినప్పుడు ఆయన వాదనతో సరిపెట్టుకోకుండా 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. ఆ సంచికను తిరగేసినప్పుడల్లా నాకు కవిత్వం కన్నా ముందు ఇంకో సంగతి తోస్తుంది. రోడ్లూ టపా అంతంత మాత్రంగా ఉన్న ఊళ్ళ నుంచి, పద్యాలను కాగితం మీదికి ఎత్తి, పేరూ ఊరూ రాసి ఎవరో ఒకరు పంపితేనే కదా అవి అక్కడికి చేరింది. సందూకలో దాచుకున్నవారు ఎందరో మనకు తెలిసే దారి లేదు.

ఇక మొదలుపెట్టడం. మన జిల్లాల్లో కొత్తవారి మొదటి కథ చాలావరకు రెండిట్లో ఒకటి: మర్రిగూడ, చండూరు వైపువారైతే ఫ్లోరైడు, పాలమూరు వైపువారైతే వలస. మన బాధను మనం కాక ఇంకెవరు రాస్తారు, రాయవలసిందే. అయితే ఈ కథల్లో తరచుగా వంగిన కాళ్ళు, ఎండిన బోర్లు, బొంబాయి బస్సు మొదటి పేరాలోనే వరుసగా వచ్చేసి, మనిషి మాత్రం చివరిదాకా కనబడడు. మొన్న చలికాలంలో ఒక విద్యార్థిని తన కథ తెచ్చి చూపించింది. 4 పేజీల నిండా జాలి. ఐదో పేజీలో ఒకచోట, వాకిట్లో మంచం మీద కూర్చున్న నాయనమ్మను వెనుక నుంచి పిలిస్తే ఆమె మెడ తిరగక, రెండు చేతులూ మంచం పట్టెకు ఆనించి, ఒళ్ళంతా తిప్పి చూసి "ఎవరే బిడ్డా?" అంటుందని రాసింది. నేను అక్కడ ఆగిపోయాను. ముందున్న 4 పేజీలూ తీసేసి ఇక్కడ మొదలుపెట్టమన్నాను. ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళింది గాని, 10 రోజుల్లో ఆ పిలుపుతోనే మొదలయ్యే కథ తెచ్చింది. అందులో ఫ్లోరైడు అనే మాట ఒక్కసారే వచ్చింది, అదీ ఊరి నీళ్ళ ట్యాంకు మీద రాసిన అక్షరాల్లో.

భాష గురించి కూడా ఒక మాట. 1998లో అచ్చయిన నా కథ ఒకదానిలో, నేను "దూపైతుంది, ఇన్ని నీళ్ళియ్యమ్మా" అని రాసిన కూలిమనిషి పత్రికలో "దాహంగా ఉంది, కొంచెం నీళ్ళివ్వమ్మా" అన్నాడు. మా ఊరి మనిషి ఆ ఒక్క వాక్యంతో ఏ ఊరివాడూ కాకుండా పోయాడు. ఇప్పుడు అలా దిద్దేవారు బాగా తగ్గారు, సంతోషం. ఇప్పటి చిక్కు దీనికి తలకిందులు: తెలంగాణ మాటలను తాలింపు గింజల్లా పైనుంచి చల్లడం. నల్లగొండ మాట, కన్నడ సరిహద్దున ఉన్న నారాయణపేట మాట ఒకటి కావు. కాబట్టి చెవితో విన్నదే రాయండి. రాసిన సంభాషణను ఆ ఊరి మనిషికి పైకి చదివి వినిపించండి. ఆయన మొహమాటంగా నవ్వితే ఎక్కడో తప్పు దొర్లిందని అర్థం.

కథ సిద్ధమయ్యాక పంపడం. ముందుగా జిల్లా గ్రంథాలయానికి వెళ్ళి, మీరు పంపదలచిన పత్రికవో, ఆదివారం అనుబంధంవో 3 నెలల సంచికలు కూర్చుని చదవండి. ఎంత నిడివి కథలు వేస్తున్నారో, ఎలాంటివి వేస్తున్నారో దానితోనే తెలుస్తుంది. ఒక పేజీ కథలు వేసే చోటికి 12 పేజీల కథ పంపి, వాళ్ళకు సాహిత్యం తెలియదని తిట్టుకున్నవాణ్ణి నేనే. కథను యూనికోడులో, అంటే ఏ ఫోనులోనైనా కంప్యూటరులోనైనా తెలుగు సరిగ్గా కనిపించే పద్ధతిలో, టైపు చేసి మెయిలుకు జతచేయండి. చేతిరాత కాగితాన్ని ఫోనుతో ఫొటో తీసి పంపితే చదివే ఓపిక ఎవరికీ ఉండదు. దానితోపాటు హామీ పత్రం తప్పనిసరి: ఇది నా సొంత రచన, అనువాదమో అనుసరణో కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని నాలుగు వాక్యాలు రాసి, అసలు పేరు, చిరునామా, ఫోను నంబరు ఇవ్వాలి. కలం పేరు పెట్టుకున్నా సరే, పారితోషికం అసలు పేరుకే వస్తుంది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. కథ రాసిన రాత్రే ఫేస్‌బుక్కులోనో వాట్సాప్ గుంపులోనో పెట్టేస్తారు. నలుగురు మెచ్చుకుంటారు, నిజమే. కాని చాలా పత్రికలు, ముఖ్యంగా కథల పోటీలు, దాన్ని ప్రచురితమైన రచనగానే లెక్కిస్తాయి. ప్రతిలిపి వంటి ఆన్‌లైన్ కథల వేదికల్లో రాయడం తప్పని నేననను; వారం వారం రాసే అలవాటు అక్కడ బాగా పడుతుంది. ఏ కథ అక్కడికి, ఏ కథ పత్రికకు అన్నది మాత్రం ముందే తేల్చుకోవాలి. అలాగే దీపావళి కథను దీపావళి వారంలో పంపితే లాభం లేదు, ప్రత్యేక సంచికల పని చాలా ముందే మొదలవుతుంది.

ఆ తరువాత ఎదురుచూడడం. మా కాలంలో తిరుగు టపాకు స్టాంపులు అంటించిన కవరు జతచేసేవాళ్ళం. మన దస్తూరీతో మన చిరునామా ఉన్న ఆ కవరు మన ఇంటికే తిరిగి వస్తుంటే పోస్టుమాన్ ముఖం చూడబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు అదీ లేదు, మౌనమే జవాబు. అందుకని ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీసుకోండి: కథ పేరు, ఎక్కడికి పంపారు, ఏ తేదీన, ఏమైంది. 3 నెలలు చూసి, మర్యాదగా ఒక మెయిలు రాసి, అప్పటికీ జవాబు లేకపోతే కథను వెనక్కి తీసుకుంటున్నట్టు తెలిపి మరోచోటికి పంపండి. ఒకే కథను ఒకేసారి రెండు చోట్లకు పంపి, రెండు చోట్లా అచ్చయితే, ఆ తరువాత ఆ రెండు తలుపులూ మూసుకుంటాయి.

ఇలా 12, 15 కథలు అచ్చయ్యాక పుస్తకం మాట ఎత్తండి. నా పుస్తకం 112 పేజీలు. పుస్తకాలకు మామూలుగా వాడే డెమ్మీ సైజులో, ఫారానికి, అంటే ఒక పెద్ద అచ్చు కాగితానికి, 16 పేజీల చొప్పున సరిగ్గా 7 ఫారాలు. 115 పేజీలైతే మిగిలిన 3 పేజీల కోసం ఖర్చు ఇంకో ఫారం వైపు జరుగుతుంది కాబట్టి పేజీలు దిద్దేటప్పుడే ఆ లెక్క చూసుకోవాలి. నా దురదృష్టం లెక్కలో కాదు, అక్షరాల్లో ఉంది. నేను యూనికోడులో ఇచ్చినదాన్ని డీటీపీ చేసేచోట, అంటే అచ్చుకు పేజీలు కూర్చేచోట, యూనికోడు కాని అను ఫాంటులోకి మార్చారు. మార్చేటప్పుడు కొన్ని వత్తులు రాలిపోయాయి. నేను ప్రూఫులను, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దే పేజీలను, కంప్యూటరు తెర మీదే ఒకసారి చూసి సరేనన్నాను. పుస్తకం వచ్చాక చూస్తే ఒక కథలో అత్తలందరూ "అత"లయ్యారు. ప్రూఫు కాగితం మీదే చూడాలి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు దిద్దాలి, ఫాంటు మార్చిన తరువాత మొత్తం మళ్ళీ చూడాలి.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే అంతర్జాతీయ సంఖ్య, ఇప్పిస్తానని ఒక మధ్యవర్తి నా దగ్గర డబ్బు తీసుకున్నాడు. ఆ 13 అంకెల సంఖ్యను మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగానే ఇస్తుందని, రచయిత స్వయంగా ప్రచురించుకుంటున్నా దరఖాస్తు చేసుకోవచ్చని నాకు తరువాత తెలిసింది. సొంతంగా వేసుకుంటే మీరే ప్రచురణకర్త. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీలలోని మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి మీ ఖర్చుతో పంపాలి. వేరే సంస్థ ప్రచురిస్తానంటే ఒప్పందం కాగితం మీద ఉండాలి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే చెల్లుతుంది. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్ళకే అని అర్థం చేసుకుంటారు. "శాశ్వతంగా" అన్న మాట కనిపిస్తే కలం కింద పెట్టి, తెలిసినవారికి చూపించండి. మన డబ్బు తీసుకుని, మనకే హక్కులు లేకుండా చేసే ఒప్పందాలు కూడా నా కంటబడ్డాయి. అమ్మకం సంగతికి వస్తే, నన్ను పుస్తకాల దుకాణంవారు 40 శాతం తగ్గింపు అడిగారు. అది తీసేసి, ఆటో కిరాయి కలిపి చూసుకుంటే ఒక్కో ప్రతికీ నేనే ఎదురు ఇచ్చుకున్నట్టయింది. ఇప్పుడైతే 100 ప్రతులే వేసుకుని, కావలసినప్పుడు మళ్ళీ వేయించుకునే వీలుంది.

ఆ నాయనమ్మ కథ రాసిన అమ్మాయి నేను చెప్పినట్టే నోటుపుస్తకం పెట్టుకుంది. కథ ఇప్పటికి రెండు చోట్ల ఆగిపోయింది. మూడోచోటికి పంపేముందు మొన్న ఆదివారం మళ్ళీ ఇంటికి వచ్చి, కథ నా చేతికిచ్చి, "చివరి పేరా తీసేయాలా సార్?" అని అడిగింది. చదివాను. తీసేయమన్నాను.